వేడుకున్నచో ఆగును

సుర్‌గ్రావ,
జూలై 14, 1996

తమ్ముడు గియాకెన్‌కు,

ఇక్కడ అందరం క్షేమం, అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం మర్యాద. ఆ మర్యాద నిన్న పదకొండూ నలభైకి మా స్టేషన్ మీదుగా దూసుకుపోయింది కాబట్టి నేరుగా విషయానికి వస్తున్నాను.

నువ్వే కదా రాశావు? మీ వెరేనా వాళ్ళ అమ్మానాన్నా జ్యూరిచ్ నుంచి వస్తున్నారనీ, వాళ్ళకి మన కొండ ఊళ్ళన్నీ రైల్లో తిప్పి చూపిస్తాననీ, పదమూడో తారీకు శనివారం పదకొండూ నలభై బండికి మా ఊళ్ళో దిగి, మా ఇంట్లో భోంచేసి, మూడింటి బండికి కనుమ దాటి అవతలికి పోతారనీ. ఆ ఉత్తరం నా దగ్గరే ఉంది. నీ చేతివ్రాతే.

ఆరేళ్ళ తర్వాత వస్తున్నావు. నేను ఏం చేశానో విను. తోటలో ఆకు కోసి, పిండీ ఎండుమాంసమూ పెట్టి చుట్టి, డెబ్భై కాపున్‌లు పాలల్లో ఉడకేశాను. అక్రోటు కేకు చేశాను. మీ దూరి బావ తన పెళ్ళినాటి కోటు వేసుకుని, బొత్తాం ఊడిపోతుందని ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. అది కూడా కాదు. నిన్న ఎండ కాసిన రోజు, గియాకెన్! జూలైలో, ఎండ కాసిన శనివారం, కోసిన గడ్డిని పొలంలో తిరగేయకుండా వదిలేసి తొమ్మిది మందిమి స్టేషన్‌కి వచ్చాం. నువ్వు పట్నం పోయి ఇరవై ఏళ్ళు దాటినా, దాని అర్థం ఏమిటో నీకు చెప్పక్కర్లేదనుకుంటాను. రాత్రి వాన పడింది. ఆ గడ్డి పోయింది.

ఎనభై నాలుగేళ్ళ మెంజియా అవ్వ కూడా, కాలి కట్టుతో, కర్ర పట్టుకుని దిగి వచ్చింది. "గియాకెన్‌ని చిన్నప్పుడు నేనే ఎత్తుకున్నానే, ఇప్పుడెంత లావయ్యాడో చూడాలి" అంది.

రైలు మలుపు తిరిగింది. ఆగలేదు. వేగం తగ్గనైనా తగ్గలేదు. కూత వేసి మరీ పోయింది. మూడో పెట్టె కిటికీలో నువ్వున్నావు, నీ పక్కన నీ కూతురు మదలైనా. నువ్వు చెయ్యి ఊపావు! ఆవుల్ని చూసి ఊపే పర్యాటకుడిలా ఊపావు.

పోనీ తర్వాతి స్టేషన్లో దిగి వెనక్కి వచ్చే బండి ఎక్కుతావేమో అని చూశాను. పన్నెండున్నరకి ఒకటి వచ్చింది, ఒకటీ నలభైకి ఒకటి వచ్చింది. నువ్వు రాలేదు. డెబ్భై కాపున్‌లూ ఊరంతా తిన్నారు. బాగున్నాయన్నారు. నేను గిన్నెలు కడిగాను.

ఏమైందో రాయి. అబద్ధం మాత్రం రాయకు. నీ అబద్ధం నాకు మూడో మాటకే తెలిసిపోతుంది.

ఇట్లు,
ఇంకా స్టేషన్లోనే నిలబడి ఉన్న నీ అక్క
బార్లా

*

ప్రాదమల్,
జూలై 18

అక్కకి,

నీ ఉత్తరం వెరేనాకి కూడా చదివి వినిపించాను. "మీ అక్కగారికి కోపం వచ్చే హక్కు ఉంది, కానీ అంతా ఆవిడకే లేదు" అంది. నేనూ అదే అంటున్నాను.

నా మొహం చూశావు. నా చెయ్యి చూశావు. మరి నీ చెయ్యి ఎక్కడ పెట్టుకున్నావు? స్టేషన్ గోడకి పసుపుపచ్చ డబ్బా ఒకటుంది. దానికి ఒక మీట ఉంది. అది నొక్కితే డ్రైవర్‌కి దీపం వెలుగుతుంది, బండి ఆగుతుంది. తొమ్మిదేళ్ళుగా ఉంది. మీరు తొమ్మిది మంది. పద్దెనిమిది చేతులు. ఒక్క వేలు లేవలేదు! దిష్టిబొమ్మల్లా వరసగా నిలబడి, రైలు పోతుంటే చూస్తూ ఊరుకున్నారు.

లోపల నా సంగతి విను. మా మామగారు లేచి నిలబడ్డారు, టోపీ పెట్టుకున్నారు. అత్తగారు నీకోసం తెచ్చిన చాక్లెట్ పెట్టె ఒళ్ళో పెట్టుకున్నారు. బండి ఆగలేదు. మామగారు మళ్ళీ కూచుని, టోపీ తీసి, "మీ అక్కగారికి మేం రావడం ఇష్టం లేనట్టుంది" అన్నారు. ఆయన మెల్లగా మాట్లాడే మనిషి. అరిచినా బాగుండేది. నాకు తల కొట్టేసినట్టయింది. తిరుగు బండి ఎందుకు ఎక్కలేదంటావా? అందుకే. వద్దనుకున్న ఇంటికి వెనక్కి తిరిగి వెళ్ళి తలుపు కొట్టమంటావా, వాళ్ళని వెంటేసుకుని?

లోపల కూడా మీట ఉంది, నిజమే. మేము కబుర్లలో పడి మరిచిపోయాం.

గడ్డి పోయినందుకు బాధగా ఉంది. అది మనస్ఫూర్తిగా అంటున్నాను.

గియాకెన్

*

సుర్‌గ్రావ,
జూలై 22

గియాకెన్‌కు,

"కబుర్లలో పడి మరిచిపోయాం." అదిగో, మూడో మాట కూడా పట్టలేదు. నువ్వు కబుర్లు చెప్పే మనిషివా? నాన్న నీకు మూగన్న అని పేరు పెట్టింది ఊరికేనా? ఆ సంగతి తర్వాత చూస్తాను.

ముందు మీట సంగతి. ఇంటికి వచ్చేవాడు తలుపు తట్టాలి. ఇంట్లో ఉన్నవాళ్ళు లోపలినుంచి తలుపు తట్టుకుంటారా? ఇది ఏ దేశంలో మర్యాదో మీ మామగారినే అడుగు.

రెండోది, ఆ మీటని నేను నొక్కలేదు, నొక్కను. ఊళ్ళో ఎవరూ నొక్కరు. నలభై ఒక్క మందిమి, పాలు తాగే పిల్లతో సహా. తొమ్మిదేళ్ళ కిందట మీ రైలు కంపెనీ ఆ డబ్బా బిగించిన రోజునే నేను మన పాత బడి గదిలో అందర్నీ కూచోబెట్టి మాట తీసుకున్నాను. ఎందుకో తెలుసా? డబ్బా పైన పలక చూశావా ఎప్పుడైనా? పైన జర్మన్‌లో ఏదో ఉంది, అది వాళ్ళ గోల. కింద మన భాషలో, తెల్లటి అక్షరాలతో, "వేడుకున్నచో రైలు ఆగును" అని ఉంది.

వేడుకోవాలట! ఎవర్ని? దేన్ని? ఆ పట్టాలు వేయడానికి తాత రాళ్ళు మోశాడు. సొరంగంలో రెండు వేళ్ళు పోగొట్టుకున్నాడు. మన పొలం మధ్యనుంచి దారి ఇచ్చాం. రైలు మా ఊళ్ళో ఆగుతుంది, ఎందుకంటే మా ఊరు అక్కడ ఉంది. అంతే. దానికి మేము చేతులు జోడించి, దేవుడి ముందు వాడే మాట రైలు ముందు వాడాలా? కింద వల్‌మేరలో మాత్రం "వేడుకోవడం" లేదు, అక్కడ అన్ని బళ్ళూ ఆగుతాయి. వేడుకోవాల్సింది పైనున్న మేమే. దాన్ని దేబిరింపు డబ్బా అంటాం మేము. పిల్లలు కూడా అదే పేరు పిలుస్తారు.

మరి బండి ఎలా ఎక్కుతున్నారంటావా? లూరెన్ లేడూ, నీతో బడిలో చదివినవాడు? పగటి బళ్ళు వాడే నడుపుతాడు. స్టేషన్లో మనిషి కనిపిస్తే ఆపుతాడు. దిగాల్సినవాళ్ళ మొహాలు వాడికి తెలుసు. లూరెన్ లేని రోజు మేము ప్రయాణం పెట్టుకోం. పదమూడున వాడికి పన్ను పీకారట, ఎవరో అవతలి లోయవాడిని పంపారు. మాకేం తెలుసు?

ఇప్పుడు చెప్పు. మీట నువ్వెందుకు నొక్కలేదు?

బార్లా

*

ప్రాదమల్,
జూలై 30

అక్కా,

నీ ఉత్తరం చదివాక వారం రోజులు కలం పట్టలేకపోయాను. ఇది చదివాక దాచిపెట్టు, వీలైతే పొయ్యిలో వెయ్యి. ఆఫీసులో తెలిస్తే నాకు మంచిది కాదు.

నేను టైంటేబుల్ విభాగంలో పనిచేస్తానని నీకు తెలుసు. వచ్చే వసంతంలో కొత్త టైంటేబుల్ వస్తుంది. అందులో తీసేయబోయే స్టేషన్ల పట్టిక జూన్‌లో నా బల్ల మీదకి వచ్చింది. నాలుగు పేర్లున్నాయి. మూడోది సుర్‌గ్రావ. నేను అక్కడ భోజనానికి వస్తానన్నది మామగారికి ఊళ్ళు చూపించడానికి మాత్రమే కాదు. నీ వంటింట్లో కూచుని ఈ మాట నోటితో చెప్పాలని. ఉత్తరంలో రాయడానికి భయపడ్డాను. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

ఆ పట్టిక ఎలా తయారయిందో అప్పుడు నాకు అర్థం కాలేదు. సుర్‌గ్రావ పేరు పక్కన "గత సంవత్సరం: 14" అని ఉంది. పధ్నాలుగు ఏమిటి అనుకున్నాను. నీ ఉత్తరం చదివాక తెలిసింది. అక్కా, ఆ డబ్బాలో ఒక యంత్రం ఉంది. ఎన్నిసార్లు నొక్కారో అదే లెక్క పెడుతుంది. కంపెనీ మనుషుల్ని లెక్కపెట్టడం మానేసి చాలా ఏళ్ళయింది. మీట నొక్కితే మనిషి ఉన్నట్టు. నొక్కకపోతే లేనట్టు. కంపెనీ కాగితాల్లో మీ ఊరినుంచి పోయిన ఏడాది పధ్నాలుగు మందే రైలెక్కారు. వాళ్ళు కూడా కొండలెక్కడానికి వచ్చిన పరాయివాళ్ళే అయి ఉంటారు. మీ నలభై ఒక్క మందీ తొమ్మిదేళ్ళనుంచి లేరు.

డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా మంచు జారి రోడ్డు మూసేస్తారు. రైలు ఆగకపోతే పిల్లలు కింద వల్‌మేర బడికి ఎలా వెళ్తారు? మెంజియా అవ్వ కాలికి వారానికి రెండు కట్లు ఎవరు కడతారు? ఇవన్నీ ఆఫీసులో మా పెద్దాయనకి చెప్పాను. "అంకెలు అలా అనడం లేదు గియాకెన్" అన్నారు.

సెప్టెంబర్ ఇరవైన లోయ సంఘం ముందు విచారణ ఉంది. ఇంకా యాభై రోజులుంది. నీ కాళ్ళు పట్టుకుంటాను, రేపటినుంచి నొక్కండి. ఎక్కేవాళ్ళు నొక్కండి, ఎక్కనివాళ్ళు కూడా నొక్కండి. గొడ్లకి నీళ్ళు పెట్టడానికి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి నొక్కండి. అంకె పెరగాలి.

ఇక నువ్వడిగిన మాట. నేనెందుకు నొక్కలేదో. మదలైనా నొక్కబోయింది. కుర్చీ ఎక్కి మీట మీద వేలు పెట్టింది. నేనే దాని చెయ్యి పట్టుకుని లాగాను. "మన ఊళ్ళో అక్కర్లేదమ్మా. అత్తని చూస్తే రైలే ఆగుతుంది, చూడు" అన్నాను. లూరెన్ ఆపుతాడని నువ్వెప్పుడో రాసింది గుర్తుంది. మామగారు వింటున్నారని కొంచెం గొంతు పెంచి మరీ అన్నాను. ఆ తర్వాత చెయ్యి ఊపడం తప్ప ఏం చెయ్యాలో తోచలేదు. పిల్ల ఇప్పటికీ అడుగుతోంది, అత్త మనల్ని చూసి ఎందుకు నవ్వలేదని.

ఇంకొకటి. ఇది నేను చెప్పకపోతే నీకెవరూ చెప్పరు, ఆ ధైర్యంతోనే తొమ్మిదేళ్ళు గడిపాను. ఆ పలక మీద మన భాషలో రాసింది నేను. ఆఫీసులో మన భాష వచ్చినవాడిని నేనొక్కడినే. జర్మన్ మాట నా చేతికిచ్చి సాయంత్రంలోగా మార్చమన్నారు. వాళ్ళ మాట గద్దించి అడిగినట్టు ఉంటుంది. మనవాళ్ళకి మర్యాదైన మాట పెడదామనుకున్నాను. అమ్మ భోజనం ముందు చెప్పే ప్రార్థనలో మాట గుర్తొచ్చింది. బాగుందనుకున్నాను. అది చూసి మీరు నొచ్చుకున్నారని ఏడాది తర్వాత తెలిసింది. అప్పటికి నోరు పెగల్లేదు.

నీ తమ్ముడు
గియాకెన్

*

సుర్‌గ్రావ,
ఆగస్టు 3

ఆ మాట నీదా?

ఇప్పుడు నేనేమీ రాయలేను. రాస్తే తర్వాత మనిద్దరం బాధపడతాం.

బార్లా

*

సుర్‌గ్రావ,
ఆగస్టు 20

గియాకెన్‌కు,

పదిహేడు రోజులు పట్టింది. మొదటి నాలుగు రోజులు నిన్ను తిట్టాను. దూరి విని విని, "వాడిక్కడ లేడు, నేనున్నాను, నాకెందుకే ఇవన్నీ" అని పశువుల కొట్టంలోకి పోయి పడుకున్నాడు. తర్వాత నన్ను నేను తిట్టుకున్నాను. అది ఎవరికీ వినిపించకుండా చేశాను.

అమ్మ ప్రార్థనలో మాట తీసుకెళ్ళి రైలు స్టేషన్‌కి మేకు కొట్టావు! అమ్మ ఆ మాట ఎవరితో అనేదిరా? రొట్టె ఇచ్చినవాడితో అనేది. మీ కంపెనీ మాకు రొట్టె పెట్టిందా? ఒక్క ఉత్తరం ముక్క, "అక్కా, ఈ మాట బాగుందా" అని అడిగి ఉంటే అర నిమిషంలో చెప్పేదాన్ని. నీ మాట మీద పంతం పట్టి ఊరిని లేకుండా చేసుకున్నాను నేను. రాసినవాడివి నువ్వు, దాన్ని మోసినదాన్ని నేను. మన ఇద్దరికీ ఆ ఇంటి రక్తమే, ఎవర్ని అనుకుని ఏం లాభం.

నువ్వు పొయ్యిలో వెయ్యమన్నావు, నేను వెయ్యలేదు. బడిలో అందర్నీ పిలిచి చదివాను. నీ పేరు దాచలేదు. నా పేరూ దాచలేదు. "తొమ్మిదేళ్ళ కిందట ఇక్కడే నిలబడి మీ చేత మాట తీసుకున్నాను. తప్పు నాది" అన్నాను. ఎవరైనా నాలుగు దులిపితే హాయిగా ఉండేది.

మెంజియా అవ్వ లేచింది. "నేను దేవుణ్ణి ఎనభై ఏళ్ళుగా వేడుకుంటున్నాను, ఆయన ఒక్కసారీ ఆగలేదు. ఈ రైలైనా ఆగుతుందేమో చూద్దాం పదండి" అంది. మర్నాడు కట్టు కట్టించుకోవడానికి వెళ్తూ కర్ర చివరతో మీటని పొడిచింది. చేత్తో ముట్టుకోనందట, మాట తప్పినట్టవుతుందని. బండి ఆగింది. ఆగినందుకు కూడా విసుక్కుంది, "ఇంత చిన్నదానికా ఇంత గొడవ" అని.

ఇప్పుడు ఎక్కేవాళ్ళందరూ నొక్కుతున్నారు. నేను తప్ప. నా చెయ్యి లేవడం లేదు. వల్‌మేరకి మొన్న నడిచే వెళ్ళాను. రెండు గంటలు పట్టింది. నవ్వితే నవ్వుకో.

కానీ ఎక్కనివాళ్ళని కూడా నొక్కమన్నావే, అది జరగదు. ఏం మనిషివిరా? గొడ్లకి నీళ్ళు పెట్టడానికి వెళ్తూ రైలుని ఆపాలా? మేము ఉన్నాం అని చెప్పడానికి లేని ప్రయాణాలు పుట్టించాలా? వాళ్ళ అంకె అబద్ధమని మనం కోపం తెచ్చుకుని, మన అంకెని కూడా అబద్ధం చేసుకుంటే ఇక ఈ కోపానికి అర్థమేముంది? పోతే పోనీ స్టేషన్. దొంగతనంగా నిలబెట్టుకోను.

నిజం చెప్పే దారి ఒకటుంది, అది కూడా మూసుకుపోయింది. లూరెన్ వచ్చాడు మొన్న. "నేను సంఘం ముందుకొచ్చి చెప్తాను బార్లా. తొమ్మిదేళ్ళుగా రోజుకి ఇంతమందిని ఎక్కించానని ఒట్టేసి చెప్తాను" అన్నాడు. దీపం వెలగకుండా బండి ఆపడం తప్పట కదా? ఒకసారి కాదు, తొమ్మిదేళ్ళు ఆపాడు. వాడికి పాతికేళ్ళు నిండి పింఛను రావడానికి ఇంకా పదహారు నెలల ఉద్యోగం ఉంది. మా మీద దయతలచినవాడిని తీసుకెళ్ళి మేమే బలిపెట్టాలా? వద్దని గట్టిగా చెప్పాను. వాడు వినేలా లేడు. వాడు నోరు తెరిస్తే నేను అక్కడే వాడి నోరు మూస్తానని చెప్పు, నువ్వు కనపడితే.

అదీ సంగతి. పద్దెనిమిది చేతులన్నావు కదా, ఇప్పుడు నలభై ఒక్క మందీ చేతులు కట్టుకుని కూచున్నాం. సెప్టెంబర్ ఇరవై వస్తుంది, పోతుంది.

మదలైనాకి చెప్పు, అత్త నవ్వబోయింది, రైలే ఆగలేదని.

బార్లా

*

ప్రాదమల్,
సెప్టెంబర్ 21

అక్కా,

వెనక బెంచీలో నువ్వు లేచి బయటికి వెళ్ళిపోవడం చూశాను. తీర్పు చెప్పేదాకా ఉండలేదు. కాబట్టి మిగిలింది రాస్తున్నాను.

మా పెద్దాయన అంకెలు చదివారు. సుర్‌గ్రావ, పధ్నాలుగు. ఈ ఆగస్టులో పెరిగాయి కానీ అది ఎవరో కావాలని నొక్కించినట్టు ఉందన్నారు. నువ్వు లేచింది అప్పుడే. మంచిదే, ఉండి ఉంటే కుర్చీ విసిరేదానివి.

అటు లూరెన్ టోపీ చేత్తో పట్టుకుని లేవబోయాడు. నేను వాడికన్నా ముందు లేచాను. కంపెనీ మనిషిని, కంపెనీ వరసలో కూచున్నవాడిని. అధ్యక్షుడు నేను మా పెద్దాయన మాటకే కొనసాగింపు చెప్తాననుకుని, "పూర్తి చేయండి" అన్నాడు. నేను చెప్పింది ఇంతే.

"జూలై పదమూడున పదకొండూ నలభై బండిలో నేను మా కుటుంబంతో ఉన్నాను. సుర్‌గ్రావ స్టేషన్లో తొమ్మిది మంది నిలబడి ఉన్నారు. నేను లెక్కపెట్టాను. వాళ్ళలో ఒకావిడకి ఎనభై నాలుగేళ్ళు. మా బండి ఆగలేదు. తర్వాత ఆఫీసులో ఆ రోజు లెక్క తీసి చూశాను. సున్న. నా కళ్ళకి తొమ్మిది, యంత్రానికి సున్న. ఆ ఒక్క రోజు తప్పయితే, మిగిలిన రోజులు ఎలా ఒప్పయ్యాయో నాకు తెలియదు. వాళ్ళు మీట ఎందుకు నొక్కలేదో మాత్రం తెలుసు. పలక మీద వేడుకోమని రాశాం. రాసింది నేను. ఆ ఊళ్ళో ఆ మాట దేవుడితో తప్ప ఎవరితోనూ అనరు. అది నాకు తెలిసి ఉండాల్సింది, నేను ఆ ఊళ్ళోనే పుట్టాను."

అధ్యక్షుడు అడిగాడు, "మరి వీళ్ళు ఇన్నాళ్ళూ రైలెలా ఎక్కారు?" అని. "నేను చూసింది ఒక్క రోజు. ఆ రోజు ఎక్కలేదు" అన్నాను. లూరెన్ నా వైపు చూస్తున్నాడు. కూచోమని సైగ చేశాను. కూచున్నాడు.

సంఘం గంటసేపు మాట్లాడుకుంది. అక్టోబర్ ఒకటి నుంచి చలికాలమంతా స్టేషన్లో మనిషిని పెట్టి మనుషుల్ని లెక్కపెట్టాలన్నారు. అప్పటిదాకా స్టేషన్ తీయకూడదు. పలక మార్చాలి. కొత్త మాట ఊరివాళ్ళే చెప్పాలి.

గెలిచామని అనను. కానీ ఈ చలికాలం బండి ఆగుతుంది.

ఇక్కడ అంతా మామూలే. కొత్త పని ఏదో ఇచ్చారు, కొంచెం తీరిగ్గా ఉంది. వెరేనా నిన్ను అడిగినట్టు చెప్పమంది. మామగారు నీకు చాక్లెట్లు పంపుతానంటున్నారు, పాతవి అత్తగారు తినేశారు.

నీ తమ్ముడు
గియాకెన్

*

సుర్‌గ్రావ,
అక్టోబర్ 7

గియాకెన్,

కొత్త పని, కొంచెం తీరిగ్గా ఉంది. ఎన్నిసార్లు చెప్పాలి నీకు అబద్ధం రాయకు అని?

లూరెన్ టోపీ పోయిందట. పోయిన సామాన్లు పెట్టే గదికి వెళ్ళాడట, మీ ఆఫీసు కింద నేలమాళిగలో. అక్కడ గొడుగుల మధ్య ఎవరు కూచున్నారు? మా తమ్ముడు! టైంటేబుల్ రాసే చేతులతో చేతితొడుగులకి చీటీలు కడుతున్నాడట. "ఇదేమిట్రా" అంటే, "ఇక్కడ ఎవరూ అంకెలు చెప్పరు, హాయిగా ఉంది" అన్నాడట. లూరెన్ ఇక్కడికొచ్చి ఆ మాట చెప్తూ ఏడ్చాడు. అంత మనిషి. వాడి పదహారు నెలలూ నువ్వు కొనిచ్చావని వాడికి తెలుసు. నాకూ తెలుసు.

ఇరవై ఒక్క ఏళ్ళు! ఒక్క రోజు కూడా ఆలస్యంగా వెళ్ళి ఉండవు, నిన్ను నేనెరుగుదును. ఒక్కసారి నోరు తెరిచి, ఒక్క నిజం చెప్పాడని, వాళ్ళ యంత్రం తప్పుని వాళ్ళకే చూపించాడని, మనిషిని నేలమాళిగలో తోస్తారా? తప్పు చేసిన యంత్రం మాత్రం గోడ మీదే ఉంది. దాన్నెవరూ కిందకి దింపలేదు.

నిన్ను మూడు నెలలు తిట్టాను. అదంతా నా హక్కు, ఇంకా తిడతాను. అక్కని. కానీ నిన్ను ఇంకెవరైనా అంటే ఒప్పుకోను. వాళ్ళెవరు అనడానికి?

ఇక్కడ సంగతులు చెప్తాను. లెక్కపెట్టే ఆవిడ వచ్చింది, తారా అని, కింది లోయ అమ్మాయి. మొదటి రోజు చలికి వణుకుతుంటే దూరి కంబళి ఇచ్చాడు, నేను సూప్ ఇచ్చాను. "మీరు నాకు లంచం ఇస్తున్నారా" అంది నవ్వుతూ. "ఎక్కినవాళ్ళనే రాయి, ఎక్కనివాళ్ళని రాస్తే సూప్ ఆపేస్తాను" అన్నాను. మొదటి ఆరు రోజులకి నూట ముప్ఫై మంది. అందరూ నిజంగా ఎక్కినవాళ్ళే, నిజంగా దిగినవాళ్ళే.

కొత్త మాట కోసం బడిలో రెండు గంటలు కొట్టుకున్నాం. ఒకరు "కోరితే" అన్నారు, ఒకరు "అడిగితే" అన్నారు. చివరికి మెంజియా అవ్వ, "మీట నొక్కండి, రైలు ఆగుతుంది అని రాసి చావండి, నాకు నిద్రొస్తోంది" అంది. అదే పంపాం. ఈసారి తర్జుమా నీచేత చేయించొద్దని కూడా రాశాం. నువ్వు ఆ విభాగంలో లేవని అప్పుడు మాకు తెలియదు.

నేను ఎల్లుండి బుధవారం వస్తున్నాను. ఎనిమిదీ పది బండికి. ఆ రోజు లూరెన్‌కి సెలవు. నన్ను చూసి ఆపేవాడెవడూ ఉండడు. నేనే నొక్కుతాను. ఇన్నాళ్ళూ లేవని చెయ్యి ఎందుకు లేస్తుందంటే, ఆ మీటతో నాకిప్పుడు పనుంది. నాలాంటి మనిషి ఒకతె ఈ ఊళ్ళో ఉందని మీ పెద్దాయన కాగితంలో పడాలి. ఆ తర్వాత నేనే ఆయన గదిలో పడతాను. తారా నన్ను కూడా రాస్తుంది. రాయకపోతే రాయించుకుంటాను.

ఆయన పేరు నాకక్కర్లేదు, ఎన్నో అంతస్తో వెరేనాతో చెప్పి పంపు చాలు. మా తమ్ముడి కుర్చీ ఎక్కడ పెట్టావయ్యా అని అడుగుతాను. ఆయన అంకెలు చెప్తాడు. చెప్పనీ. అన్నీ విన్నాక మళ్ళీ అదే అడుగుతాను. కాపున్‌లు ఒక గిన్నెడు తెస్తున్నాను, నీకూ మదలైనాకీ. ఆయనకి కాదు.

నువ్వు మాత్రం స్టేషన్‌కి రాకు. వెరేనాని పంపు. నిన్ను చూస్తే నాకు ఏడుపొస్తుంది. ఏడిస్తే కోపం దిగిపోతుంది. ఆ మెట్లెక్కి ఆయన గది చేరేదాకా ఆ కోపం నాకు కావాలి.

నీ అక్క
బార్లా